పగడపు దిబ్బ వెనుక మన్నార్ దీవులు

రామేశ్వరం దీవి కొసన, ధనుష్కోటి దగ్గర నిలబడితే ఒకే ఇసుక తిన్నెకు రెండు పక్కలా రెండు సముద్రాలు కనిపిస్తాయి. ఉత్తరాన ఉన్న పాక్ అఖాతం లోతు తక్కువది; దక్షిణాన ఉన్న మన్నార్ సింధుశాఖ తీరం దాటి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు మించి లోతెక్కుతుంది. శ్రీలంకలోని తలైమన్నార్ దాకా సాగే రామసేతు తిన్నెల వరసే ఈ రెంటికీ సరిహద్దు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణపు నీరు అల్లకల్లోలంగా ఉంటే ఉత్తరపు నీరు నెమ్మదిస్తుంది. ఈశాన్య రుతుపవనాలు రాగానే ఇది తారుమారవుతుంది.

పాంబన్ నుంచి తూత్తుకుడి వరకు, తీరానికి కాస్త దూరంలో 21 చిన్న దీవులు వరసగా ఉండేవి. ఇవి కొండరాతి దీవులు కావు. పగడపు ముక్కలను, గవ్వల పొడిని, ఇసుకను అలలు ఏళ్ల తరబడి కూడబెట్టగా తేలినవి. చుట్టూ ఉన్న పగడపు దిబ్బల మీద అలల బలం విరిగిపోతుంది కనుకనే ఆ ఇసుక నిలుస్తుంది. ఇంత తేలికైన ఏర్పాటు పక్కన సున్నపు బట్టీలు వెలిశాయి. వాటిలో కాల్చి సున్నం చేయడానికి పగడపు రాయిని దశాబ్దాల పాటు పడవలకెత్తి తరలించారు. 1986లో ఈ ప్రాంతం సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటితమైనా తవ్వకం వెంటనే ఆగలేదు. అలల నుంచి కాపాడే దిబ్బలను కోల్పోయిన పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి దీవులు నీట మునిగాయి.

దిబ్బ వెనుక నిలకడగా ఉండే నీటిలో సముద్రపు గడ్డి పెరుగుతుంది. దానిని మేసేందుకే సముద్రపు ఆవు వస్తుంది. మూడు మీటర్ల దాకా పెరిగే ఈ జంతువు చేప కాదు, పిల్లలకు పాలిచ్చేది. గాలి కోసం పైకి తేలి, మళ్లీ అడుగుకు దిగి, బలమైన పైపెదవితో గడ్డిని వేళ్లతో సహా పెళ్లగిస్తుంది. అది మేసి వెళ్లిన చోట ఇసుక మీద నాగటి చాలు లాంటి గీత మిగులుతుంది. కొన్నేళ్లకు ఒక్క పిల్లనే కంటుంది గనుక వలలో చిక్కి చనిపోయే ఒక్కో జంతువూ పెద్ద నష్టమే.

మన ఇళ్లలో పూజించే శంఖం కూడా ఈ అడుగు ఇసుకలో తిరిగే నత్త గుల్లే. కుడివైపు తిరిగినదని మనం అపురూపంగా చూసే దక్షిణావర్త శంఖాన్ని జీవశాస్త్రం ఎడమవైపు తిరిగినదిగా లెక్కిస్తుంది. పట్టుకునే తీరు తలకిందులు కావడమే ఈ తేడాకు కారణం. ఒకప్పుడు రాజ్యాలకు ఆదాయమిచ్చిన ముత్యపు చిప్పల వేట మాత్రం తూత్తుకుడిలో 1961 తర్వాత జరగలేదు.

తవ్వకం ఆగినా వేడి ఆగలేదు. నీరు మరీ వేడెక్కితే పగడం తన ఒంట్లో ఉండి ఆహారం అందించే సూక్ష్మ శైవలాలను (కంటికి కనిపించని నాచును) వదిలేసి తెల్లబడుతుంది; 2010లోనూ, 2016లోనూ ఇక్కడ అదే జరిగింది. తూత్తుకుడి దగ్గర కుంచించుకుపోయిన వాన్ దీవి ముందు 2015 నుంచి రంధ్రాలున్న కాంక్రీటు దిమ్మలను నీటి అడుగున వరసగా దించారు. అలలు ఇప్పుడు వాటి మీద విరుగుతున్నాయి, దిమ్మల సందుల్లో చేపలు చేరాయి.