విరిగిన ఫిన్‌కు మందం మందు కాదు: చెక్క రాకెట్ భాగాల మీద అపోహలు - వాస్తవాలు

ఇంట్లో రాకెట్లు కట్టుకునేవాళ్లు విరిగిన ఫిన్‌లు (రాకెట్ తోక దగ్గరి రెక్కలు) పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వచ్చిన ప్రతివారిదీ ఒకటే ప్రశ్న: "ఇంకాస్త మందం చెక్క వాడమంటారా, ప్లైవుడ్ పెట్టేయమంటారా?" మొన్నామధ్య ఒక అబ్బాయి, వాళ్ల నాన్నగారు కలిసి వచ్చారు. మొదటి రాకెట్‌కు పెట్టిన బాల్సా (చాలా తేలికైన చెక్క) ఫిన్ నేలకు తగలగానే చీలిందట. ఎవరో చెప్పారని రెండోదానికి అదే కొలతల్లో 3 మి.మీ. బిర్చ్ ప్లైవుడ్ కోసి అతికించారు. ఈసారి ఫిన్‌లకు ఏమీ కాలేదు. రాకెట్ మాత్రం పైకి లేచేటప్పుడు దారి చూపే రాడ్ దాటగానే గాల్లో గిరికీలు కొట్టి కింద పడింది. "నాకు కట్టడం రాదు సార్" అంటూ ఆ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాడి అతుకులు నేను చూశాను, ఎంతో శుభ్రంగా ఉన్నాయి. వాడి చేతిపనిలో తప్పేమీ లేదు. వాడికి అందిన సలహాయే తప్పు.

అపోహ: ఫిన్ విరిగితే మందం పెంచాలి, లేదా గట్టి చెక్కకు మారాలి.

వాస్తవం: ముందు విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూడండి. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు రాకెట్ ఒళ్లైన గొట్టానికి సమాంతరంగా, స్కేలు పెట్టి గీసినట్టు చీలి ఉంటాయి. అంటే నార గొట్టం వెంబడి పోయిందన్నమాట. చెక్క బలమంతా నార పొడవునా ఉంటుంది, నారకూ నారకూ మధ్య పట్టు బహు తక్కువ. కట్టెలు కొట్టేవాళ్లు మొద్దును నిలబెట్టి గొడ్డలి వేసేది అందుకే. ఫిన్ గొట్టం నుంచి బయటికి పొడుచుకుని ఉంటుంది కదా, నార కూడా అలాగే బయటికి సాగాలి. ఫిన్ ముందంచుకు సమాంతరంగా నార ఉండేలా గీసుకుని కోయండి. బాల్సా షీటులో నార పొడవునా ఉంటుంది. షీటు వృథా కాకూడదని ఫిన్‌లను దాని మీద ఎటుపడితే అటు తిప్పి సర్దుతారు. మిగిలే చెక్క పిసరంత, పోయేది రాకెట్టు.

ఇక మందం సంగతి. ఒక్కో ఫిన్ 30 చదరపు సెం.మీ., మందం 3 మి.మీ., అలాంటివి మూడు అనుకుందాం. మొత్తం 27 ఘన సెం.మీ. చెక్క. ఘన సెంటీమీటరుకు 0.16 గ్రాములుండే బాల్సా అయితే నాలుగు గ్రాముల పైచిలుకు తూగుతుంది. బిర్చ్ ప్లైవుడ్ సుమారు 0.68 ఉంటుంది కాబట్టి అదే కొలతకు 18 గ్రాములు దాటుతుంది. తేడా 14 గ్రాములే కదా అంటారు. కానీ అది చేరేది తోక దగ్గర. 80 గ్రాముల రాకెట్‌లో సీజీకి (రాకెట్ బరువు తూకంగా నిలిచే చోటు) 20 సెం.మీ. వెనక ఆ 14 గ్రాములు పెడితే సీజీ దాదాపు 3 సెం.మీ. వెనక్కి జరుగుతుంది. గొట్టం వ్యాసం 2.5 సెం.మీ. అయితే, రాకెట్ గిరికీలు కొట్టకుండా ఉండాలంటే సీజీ సీపీకి (గాలి తోపు కేంద్రీకరించే చోటు) ఒక వ్యాసమంత ముందుండాలన్న నియమం అక్కడికక్కడే తప్పిపోయింది. సరిచేయాలంటే సీజీకి 30 సెం.మీ. ముందున్న ముక్కులో ఇంకో 9 గ్రాములకు పైగా నింపాలి. ఇంత అదనపు బరువునూ మోయాల్సింది రాకెట్‌ను మంటతో పైకి తోసే ఆ పాత మోటారే.

బాల్సాకే బలం చేర్చాలంటే నేను కాగితం అతికిస్తాను. ఫిన్‌కు రెండు వైపులా పల్చగా వుడ్ గ్లూ రాసి మామూలు తెల్లకాగితం అంటించి, మైనపు కాగితాల మధ్య పెట్టి, బరువు కింద రాత్రంతా వదిలేస్తాను. రెండు వైపులా ఒకేసారి చేయాలి, ఒకవైపే చేస్తే ఆరేటప్పుడు ఫిన్ వంకర తిరుగుతుంది. ఆరాక వేలితో వంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ప్లైవుడ్ వద్దనడం లేదు. పెద్ద మోటారుతో వేగం పెరిగితే పల్చటి బాల్సా ఫిన్ జెండాలా అల్లాడి ఊడిపోతుంది, అక్కడ ప్లైవుడ్ కావాల్సిందే. అయితే కోసే ముందే సీజీ లెక్క వేసుకోవాలి.

అపోహ: ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) లేనిదే అతుకు నిలవదు.

వాస్తవం: చిన్న రాకెట్లలో చెక్కనూ కాగితం గొట్టాన్నీ కలపడానికి వుడ్ గ్లూ చాలు. సరిగ్గా ఆరిన అతుకును లాగితే గొట్టం కాగితం పొర ఊడివస్తుంది తప్ప జిగురు వదలదు. అతుకు విఫలమయ్యేది ఎక్కువగా కింద ఉన్న తలం వల్ల. తొలిరోజుల్లో నేను రంగు వేసిన గొట్టం మీదే ఫిన్‌లు అతికించాను. మొదటి దిగుడులోనే రంగు పొరతో సహా ఊడిపోయాయి. జిగురు రంగును పట్టుకుంది, రంగు గొట్టాన్ని వదిలేసింది. మోటారును గొట్టం మధ్యలో నిలిపే, లేజర్‌తో కోసిన చెక్క సెంటరింగ్ రింగుల మీది నల్లటి మసి అంచుతోనూ ఇదే బాధ, శాండ్ పేపర్‌తో ఒకసారి రుద్ది అతికించండి.

చెక్క అంటుకుంటుందన్న భయం చాలామందికి ఉంది. మోటారు మంట వెనక నుంచి బయటికి పోతుంది, రింగులకు తగలదు. ప్యారాచూట్‌ను బయటికి తోసే వేడి వాయువు గొట్టం లోపలినుంచి ముందుకు వెళ్తుంది, దానికోసమే వాడింగ్ (మంట అంటుకోని కాగితం) పెడతాం. మోటార్లు మాత్రం తయారైనవే కొనండి. మోటారులో కాలే మందును ఇంట్లో కలిపే ప్రయత్నం ఎవరూ చేయవద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు.

"లోహపు ఫిన్‌లు పెడితే ఈ గొడవే ఉండదు కదండీ, పిల్లాడికీ భద్రం" అన్నారు నాన్నగారు. ఆయన ఆందోళన నాకు అర్థమైంది. కానీ భద్రత కోసమే మోడల్ రాకెట్ నియమావళి ముక్కుకూ ఒంటికీ ఫిన్‌లకూ లోహం వద్దంటుంది. గురి తప్పి కింద పడితే బాల్సా నలిగి విరుగుతుంది, లోహం దిగబడుతుంది. చెక్కంటే ఆటబొమ్మల సరుకు అనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 1962లో నాసా చంద్రుడి వైపు పంపిన రేంజర్ నౌకల్లో, దిగే పరికరానికి దెబ్బ తగలకుండా దాని చుట్టూ కట్టింది బాల్సా చెక్కనే.

ఆ అబ్బాయితో అక్కడే కూర్చుని పాత బాల్సా షీటులోంచే మూడు ఫిన్‌లు కోయించాను. మూడింటినీ కలిపి పట్టుకుని ఒకేసారి శాండ్ పేపర్‌తో రుద్దాడు. వారం తర్వాత మోటారు బిగించిన రాకెట్‌తో మళ్లీ వచ్చాడు. సీజీ దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పితే ముక్కు ముందుకే నిలిచింది. వాళ్ల నాన్నగారు ఇంకోసారి తిప్పమన్నారు. వాడు ఇంకో నాలుగుసార్లు తిప్పాడు.