ఆక్సిజన్ మిషన్ నాబ్ తిప్పే ముందు

“రాత్రి నాన్నకి ఆయాసం ఎక్కువైందండీ, మిషన్ అయిదు లీటర్లకి పెట్టాం. రక్తంలో ఆక్సిజన్ తొంభై ఎనిమిది శాతం వచ్చింది. హాయిగా పడుకున్నాడు.” సీఓపీడీ (ఏళ్ల తరబడి పొగ వల్ల ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు) పేషెంట్ల ఇళ్ల నుంచి ఇలాంటి ఫోన్ వస్తే ముందు నేను అడిగేది ఒక్కటే: “పిలిస్తే పలుకుతున్నారా?”

అపోహ: ఆక్సిజన్ ఎంత పెంచితే అంత మంచిది.

వాస్తవం: ఊపిరితిత్తులకు రెండు పనులు. ఆక్సిజన్‌ని రక్తంలోకి పంపాలి, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తోయాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌కి రెండో పని కనిపించదు. రక్తంలో 35–45 మిల్లీమీటర్ల (పాదరస పీడనం) మధ్య ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ 80 దాటినా, ఆక్సిజన్ పెట్టుకున్న మనిషికి అది 98 చూపిస్తూనే ఉంటుంది. అసలు సంగతి ఏబీజీ (ధమని నుంచి రక్తం తీసి చేసే పరీక్ష) చేస్తేనే తెలుస్తుంది.

ఏళ్ల తరబడి చుట్టా బీడీ కాల్చినవాళ్లకి, కట్టెల పొయ్యి పొగలో వండిపెట్టిన అమ్మలకి కొన్ని గాలిగదులు పాడై ఉంటాయి. శరీరం అక్కడి రక్తనాళాలను బిగించి, రక్తాన్ని బాగున్న గదులకు మళ్లిస్తుంది. ఆక్సిజన్ ఒక్కసారిగా పెంచారా, ఆ బిగింపు సడలుతుంది. రక్తం మళ్లీ పాడైన చోటికే పోయి, కార్బన్ డయాక్సైడ్‌ని దింపకుండానే తిరిగొస్తుంది. దానికి తోడు, ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ని మోయలేక వదిలేస్తుంది. ఊపిరీ కొంత మందగిస్తుంది. మనిషికి మత్తు కమ్ముతుంది. ఇంట్లోవాళ్లు అది నిద్రనుకుంటారు.

ఒకసారి తెల్లారకముందే ఒక పెద్దాయనను ఆటోలో తెచ్చారు. ఒళ్లంతా చెమట, చేతులు వెచ్చగా ఉన్నాయి, భుజం తట్టి పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. చీటీలో ఒక లీటరని ఉంది, ఇంట్లో పెంచేశారు. ఎందుకు ఒకటేనో ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మిషన్) పెట్టాక, మూడు గంటలకి కళ్లు తెరిచి టీ అడిగారు. వరండాలో కొడుకు నా చెయ్యి పట్టుకుని “నా చేతులతో నేనే చంపుకునేవాణ్ణా సార్” అని ఏడ్చాడు. కన్నతండ్రి ఎగపోస్తుంటే చూస్తూ ఎవరు కూర్చుంటారు? ఆ అబ్బాయిది తప్పని నేననను.

సీఓపీడీలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే ముప్పున్నవాళ్లకి ఆక్సీమీటర్‌లో 88–92 శాతం చాలు. టాస్మానియాలో అంబులెన్సుల్లో 405 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అందరికీ ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన వర్గంలో 9 శాతం చనిపోతే, 88–92కి కొలిచి ఇచ్చిన వర్గంలో 4 శాతమే చనిపోయారు. అలాగని భయపడి మానేయకండి. రోజుకి 15 గంటలు పెట్టుకోమంటే పెట్టుకోవాల్సిందే. మత్తుగా ఉంటే మిషన్ పీకేయకండి, అది ఇంకా ప్రమాదం. చీటీలో రాసినన్ని లీటర్లకి తగ్గించి 108కి ఫోన్ చేయండి.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను. మనం వదిలే గాలంతా కార్బన్ డయాక్సైడ్ కాదు. అందులో అది 4 శాతమే, ఆక్సిజన్ ఇంకా 16 శాతం ఉంటుంది. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదితే మనిషి బతికేది అందుకే. పది సెకన్లు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు భేషని చెప్పే వీడియోలు శుద్ధ అబద్ధం. 2021లో ఊరూరా తిరిగిన కర్పూరం, వాము మూట ముక్కుకి ఘాటు తగిలించిందే గానీ, రక్తంలో ఆక్సిజన్‌ని చుక్క కూడా పెంచలేదు. పైగా పసిపిల్లలు కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. ఇన్‌హేలర్ వ్యసనం కాదు, మందు.

ఇప్పుడు మా దగ్గర్నుంచి మిషన్ ఇంటికి వెళ్లేముందు నాబ్ పక్కన తెల్ల ప్లాస్టర్ అంటించి, “1 లీటర్. 88–92 చాలు. నిద్రమత్తు అయితే ఫోన్ చేయండి” అని మార్కర్‌తో నేనే రాస్తున్నాను.