అండర్‌స్టడీ వచ్చిన రోజు డబ్బులు దండగేనా? బ్రాడ్‌వే అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే మా థియేటర్ మెట్ల మీద తెలుగు వినపడటం మొదలవుతుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన అమ్మానాన్నల్ని ఎడిసన్ నుంచో జెర్సీ సిటీ నుంచో పిల్లలు వెంటబెట్టుకుని వస్తారు. నేను న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల లోకం బ్రాడ్‌వేలో అషర్‌ని. టికెట్ చూసి సీటు చూపించడం, చేతిలో ప్లేబిల్ (షో వివరాల చిన్న పుస్తకం) పెట్టడం నా ఉద్యోగం. ఉద్యోగానికి తోడు పిచ్చి కూడా ఉంది కాబట్టి సెలవు రోజున కూడా ఇంకో థియేటర్లోనే తేలతాను. ఎక్కడికెళ్ళినా, ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా నాకు తగిలే ప్రశ్న ఒకటే. "మేం వెళ్ళిన రోజు మెయిన్ హీరోయిన్ రాలేదండీ, ఎవరో డూప్‌ని పెట్టారు. మోసం కదా?"

కాదు. ఎందుకు కాదో చెప్తాను. మిగతా అపోహలు తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి తేలాలి. దీనివల్ల నిజంగా డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ళని చూస్తున్నాను.

అపోహ: ప్లేబిల్‌లో చీటీ ఉందంటే ఆ రోజు షో రెండో రకం.

ఆ చీటీలు పెట్టేది మేమే. జనాన్ని లోపలికి వదలకముందు అషర్లందరం కట్టలు ముందేసుకుని, ఒక్కో ప్లేబిల్ తెరిచి చీటీ దూర్చుతాం. "ఈ ప్రదర్శనలో ఫలానా పాత్రని ఫలానావారు పోషిస్తారు" అని ఒకటో రెండో వాక్యాలు. అది దాచిపెట్టే వ్యవహారం కాదు. నటీనటుల యూనియన్ యాక్టర్స్ ఈక్విటీతో ఉన్న ఒప్పందం ప్రకారం, మార్పు జరిగితే ప్లేబిల్‌లో చీటీ, లాబీలో బోర్డు, మైకులో ప్రకటన, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. మోసం చేసేవాడు మైకులో చెప్పి చేస్తాడా?

ఇక ఆ చీటీలో పేరున్న మనిషి ఎవరు? మనవాళ్ళు అందర్నీ కలిపి డూప్ అనేస్తారు గానీ ఇక్కడ నాలుగు రకాల వాళ్ళున్నారు. అండర్‌స్టడీ అంటే రోజూ గుంపులో ఆడిపాడుతూ, అవసరమైతే ముఖ్యపాత్రలోకి వెళ్ళే మనిషి. స్టాండ్‌బై రోజూ స్టేజి ఎక్కడు, పిలుపొస్తే ఎక్కడానికి సిద్ధంగా ఉండటమే అతని పని. ఆల్టర్నేట్‌కి వారంలో కొన్ని షోలు ముందే రాసిపెట్టి ఉంటాయి. స్వింగ్ అయితే గుంపులో ఎవరు రాకపోయినా ఆ ఖాళీలోకి దూరాలి.

స్వింగ్ పని దగ్గర్నుంచి చూస్తే తల తిరుగుతుంది. స్టేజి ముందంచున అంకెలు ఉంటాయి. మధ్యలో సున్నా, అటూ ఇటూ రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఒక్కో నటుడు షో మొత్తంలో ఏ అంకె దగ్గర నిలబడతాడు, ఏ తాళానికి కదులుతాడు, ఏ వింగ్‌లోంచి కుర్చీ తెస్తాడు, ఎక్కడ చొక్కా మారుస్తాడు, ఇదంతా కలిపి ఒక ట్రాక్. స్వింగ్ ఇలాంటి ట్రాకులు ఏడెనిమిది బుర్రలో పెట్టుకుని తిరగాలి. నిన్న కుడివైపు ఆరు దగ్గర ఉన్నవాడు ఇవాళ ఎడమవైపు నాలుగు దగ్గర ఉండాలి. పొరపాటున పాత చోట నిలబడ్డాడా, వెనకనుంచి దొర్లుకుంటూ వచ్చే సెట్టు కొట్టేస్తుంది. ఈ మనిషినా మనం డూప్ అంటున్నది?

2021 డిసెంబర్‌లో "ద మ్యూజిక్ మ్యాన్" ప్రివ్యూలు (అధికారిక ప్రారంభానికి ముందు వేసే షోలు) మొదలై వారం కూడా కాలేదు, హీరోయిన్ సటన్ ఫాస్టర్‌కి కోవిడ్ వచ్చింది. క్యాథీ వొయిట్కో అనే స్వింగ్‌కి కబురు అదే రోజు అందింది. ఆ రాత్రి ఆమె హ్యూ జాక్‌మన్ పక్కన హీరోయిన్‌గా షో మొత్తం లాక్కొచ్చింది. చివర్లో జాక్‌మన్ చప్పట్లు ఆపించి మరీ స్వింగ్‌ల గురించి మాట్లాడాడు, ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంతకీ ఆ రోజు రాలేకపోయిన సటన్ ఫాస్టర్ పైకి వచ్చిందీ ఇదే దారిలో. "థరోలీ మోడర్న్ మిల్లీ" కాలిఫోర్నియాలో తయారవుతున్నప్పుడు ఆమె అండర్‌స్టడీ. అసలు నటి తప్పుకుంటే ఆ పాత్ర ఈమెకి దక్కింది, 2002లో ఉత్తమ నటిగా టోనీ (బ్రాడ్‌వేలో అన్నిటికంటే పెద్ద అవార్డు) కూడా దక్కింది. ఇంకా వెనక్కి వెళితే 1954లో "ద పజామా గేమ్"లో క్యారల్ హేనీ కాలు దెబ్బతింది, బదులుగా వెళ్ళిన అమ్మాయిని జనంలో కూర్చున్న హాలీవుడ్ నిర్మాత చూశాడు. ఆ అమ్మాయే తర్వాత హాలీవుడ్ స్టార్ అయిన షర్లీ మెక్‌లేన్.

అందరూ ఇలాగే దుమ్ము దులుపుతారని అబద్ధం చెప్పను. ఒక మ్యాటినీలో స్టాండ్‌బై గొంతు రెండో అంకంలో పట్టేసింది, పెద్ద పాట సగం కింద స్వరంలో నడిపించింది. చూస్తున్న నాకే చెమటలు పట్టాయి. కానీ అసలు నటి గొంతు పట్టేసిన రోజులు అంతకంటే ఎక్కువే చూశాను. వారానికి ఎనిమిది షోలు, అందులో రెండు రోజులు రోజుకి రెండేసి. గొంతు కూడా కండరమే కదండీ. "ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా"లో క్రిస్టీన్ పాత్రకి 1988లో తెర లేచిన నాటి నుంచే ఆల్టర్నేట్ ఉండేది. ఎనిమిదింట్లో ఆరు ఒకరు, రెండు ఇంకొకరు. అంత పాట వారమంతా ఒక్క గొంతు మోయలేదని తెలిసి చేసిన ఏర్పాటు అది. 2021లో ఆ ఆల్టర్నేట్‌గా వచ్చిన ఎమిలీ కువాచూ బ్రాడ్‌వేలో ఆ పాత్ర చేసిన మొదటి నల్లజాతి నటి, కొన్ని నెలలకే పాత్ర పూర్తిగా ఆమెదైంది.

నాకు నిజంగా నవ్వొచ్చేది ఎక్కడంటే, ఈ ఫిర్యాదు చేసేవాళ్ళలో పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్ళు ఉంటారు. మా ఊరి జాతరలో కరపత్రం మీదే అచ్చేసేవారు, ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని. ఒక్క రాత్రిలో ముగ్గురు కృష్ణులు మారినా "వన్స్ మోర్" అని అరిచి ఒకే పద్యం రెండుసార్లు పాడించుకున్నాం. అక్కడ లేని బాధ టైమ్స్ స్క్వేర్‌కి వచ్చేసరికి పుట్టుకొచ్చింది.

అయితే బాధ ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. నలుగురికి రెండు వందల డాలర్ల చొప్పున పెడితే డెబ్బై వేల రూపాయల మాట. అమ్మానాన్న మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని, "బాబూ, మావాడు నాలుగు నెలల ముందు బుక్ చేశాడు, ఇప్పుడు వాడి మొహం చూడలేకపోతున్నా" అంది. ఆ కంగారుని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. "పెద్దమ్మా, కూర్చోండి. కథ అదే, పాటలు అవే, ఆ అమ్మాయికి ఈ పాత్ర కోసం విడిగా బట్టలు కుట్టించి రిహార్సల్ చేయించారు" అన్నాను. కూర్చుంది. ఇంకో కుటుంబం మాత్రం లాబీ నుంచే వెనక్కి తిరిగింది, బయట ఎవరికో సగం ధరకి అమ్ముకుందామని. షోకి పది నిమిషాల ముందు కొనేదెవరు?

ఇప్పుడు డబ్బు సంగతి. పోస్టర్ చూడండి. నటుడి పేరు షో టైటిల్‌కి పైన ఉండి, ఆ మనిషి ఆ రోజు రాకపోతే, షో మొదలవక ముందు అడిగితే మామూలుగా డబ్బు వాపసు ఇస్తారు, లేదా వేరే రోజుకి మారుస్తారు. "ద లయన్ కింగ్", "అలాద్దీన్" లాంటివాటిలో టైటిల్ పైన ఎవరి పేరూ ఉండదు. అక్కడ అమ్మేది షోని, మనిషిని కాదు, కాబట్టి ఎవరు మారినా వాపసు ఉండదు. ఇంటర్వెల్ దాకా చూసి నచ్చలేదంటే ఎక్కడా ఇవ్వరు.

అసలు గండి ఇక్కడ పడుతోంది. ఈ వాపసు థియేటర్ బాక్సాఫీసులోనో (అంటే టికెట్ కిటికీలోనో) దాని అధికారిక సైటులోనో కొన్న టికెట్‌కే. మనవాళ్ళు ఫోన్‌లో షో పేరు కొట్టి, పైన ఏ ప్రకటన కనిపిస్తే అది నొక్కేస్తారు. అది చాలాసార్లు తిరిగి అమ్మేవాళ్ళ సైటు. నూట యాభై డాలర్ల సీటు మూడు వందలకి కొని, స్టార్ రాని రోజు మా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడతారు. కంప్యూటర్లో వాళ్ళ పేరే ఉండదు. లోపల ఉన్న మనిషి చేయగలిగింది ఏమీ లేదు. షో సొంత వెబ్‌సైటులోకి వెళ్ళి, అక్కడి లింకు పట్టుకునే కొనండి. ఊళ్ళోనే ఉంటే నేరుగా కిటికీకి వెళ్ళండి, ఆన్‌లైన్ రుసుములు తప్పుతాయి. పెద్ద నటుల సెలవులు చాలా షోలు ముందే తమ సైటులో పెడతాయి, తేదీ ఖాయం చేసుకునే ముందు అది చూసుకోండి. ఏ షో అయినా ఫరవాలేదు అనుకుంటే టైమ్స్ స్క్వేర్ ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ అనే టికెట్ కౌంటర్ ఉంది, 1973 నుంచి అదే రోజు టికెట్లు తగ్గింపు ధరకి అమ్ముతోంది.

అపోహ: టోనీ వచ్చిన షోనే చూడాలి, టోనీ వచ్చిన నటుణ్ణే చూడాలి.

నటుడి సంగతి ముందు. టోనీ ఇచ్చేది మామూలుగా షోతో పాటు మొదలైన నటులకి. ఏడాది తిరిగేసరికి వాళ్ళలో చాలామంది వెళ్ళిపోతారు. "హామిల్టన్" 2016 జూన్‌లో పదకొండు టోనీలు కొట్టింది, జూలైలో లిన్-మాన్యుయెల్ మిరాండా దిగిపోయాడు. ఆ తర్వాత హామిల్టన్ ఎవరు? అప్పటిదాకా అతనికి ఆల్టర్నేట్‌గా చేసిన హావియెర్ మున్యోస్. మధ్యలో వచ్చినవాళ్ళు ఎంత బాగా చేసినా టోనీ పోటీకి రారు. అంటే మీరు చూసే రోజు స్టేజి మీద ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ అవార్డు తలుపే తెరుచుకోదు. దాన్ని పట్టుకుని ప్రతిభ కొలిస్తే ఎలా?

టోనీల్లో ఉత్తమ (లీడింగ్) నటుడు వేరు, ఫీచర్డ్ నటుడు వేరు, రెండోది చిన్న పాత్ర అనుకోవడం ఇంకో పొరపాటు. ఇక్కడ కూడా చూసేది పేరు ఎక్కడ అచ్చయిందనే. టైటిల్ పైన ఉంటే లీడింగ్, కింద ఉంటే ఫీచర్డ్, టోనీ కమిటీ ప్రత్యేకంగా మారిస్తే తప్ప. "క్యాబరే"లో ఎమ్‌సీ పాత్రకి 1967లో జోయెల్ గ్రేకి ఫీచర్డ్ టోనీ వచ్చింది. అదే పాత్రకి 1998లో ఆలన్ కమింగ్‌కి లీడింగ్ టోనీ వచ్చింది.

షోల సంగతి. 2004లో "వికెడ్"ని ఓడించి "ఎవెన్యూ క్యూ" ఉత్తమ మ్యూజికల్ (పాటల నాటకం) అయింది. "వికెడ్" ఇప్పటికీ గెర్ష్విన్ థియేటర్లో ఆడుతోంది. "చికాగో" 1975లో మొదటిసారి వచ్చినప్పుడు పదకొండు నామినేషన్లు, ఒక్క అవార్డు రాలేదు. 1996లో మళ్ళీ వేస్తే ఆరొచ్చాయి, ఇంకా నడుస్తోంది. 2022లో ఉత్తమ మ్యూజికల్ అయిన "ఎ స్ట్రేంజ్ లూప్" మరుసటి జనవరిలోనే మూతపడింది. నాకు మాత్రం అది గొప్ప షో. కానీ ఇంగ్లిష్ మాటల వేగం అందుకోలేని అత్తగారిని టోనీ వచ్చిందని తీసుకెళ్ళి, తర్వాత నన్ను తిట్టకండి. పెద్దవాళ్ళకైతే కథ ముందే తెలిసినదో, కళ్ళకి పండగ చేసేదో చూసుకోండి.

ఇక మిగతావి గబగబా.

మనవాళ్ళకి వేషాలు రావు అంటారు కొందరు, ఇప్పుడంతా కోటాయే అంటారు ఇంకొందరు. ఇద్దరూ పుకారు మీదే బతుకుతున్నారు. రెహమాన్ సంగీతంతో "బాంబే డ్రీమ్స్" 2004లో వచ్చి, 2005 మొదటి రోజున ఆగిపోయింది. తర్వాత చాలాకాలం పెద్ద అలికిడి లేదు. 2021లో "అలాద్దీన్" మళ్ళీ తెరిచినప్పుడు మైకేల్ మలియకల్, శోభా నారాయణ్ జంటగా చేశారు. బాగా పాడారు, అందుకే నిలబడ్డారు. అన్నట్టు, మన అవంతిక వందనపు చేసింది 2024 "మీన్ గర్ల్స్" సినిమాలో, బ్రాడ్‌వే షోలో కాదు. ఈ రెండూ కలిపేసే వాట్సాప్ మెసేజ్ నాకు పంపడం ఇక ఆపండి.

సిఫారసు లేనిదే ఆడిషన్ కూడా ఉండదని ఒక తండ్రి దిగులు పడ్డాడు, కూతురు మ్యూజికల్ థియేటర్ చదువుతానంటోందట. ఈక్విటీ నిబంధనల ప్రకారం నిర్మాతలు ఓపెన్ ఆడిషన్లు పెట్టి తీరాలి. పెద్ద పాత్రలు ఎక్కువగా ఏజెంట్ల ద్వారానే వెళ్తాయన్నదీ నిజమే. అండర్‌స్టడీ, స్వింగ్ కొలువులు ఎందరికో మొదటి మెట్టు. "అమ్మాయిని డాన్స్ ఆపనివ్వకండి, అన్నా" అని మాత్రం చెప్పాను.

బ్రాడ్‌వే అంటే ఆ పేరున్న రోడ్డు మీద ఉన్న థియేటర్లు అనుకుంటారు. నలభై ఒక్క థియేటర్లలో ఎక్కువ భాగం పక్క వీధుల్లో ఉంటాయి, లింకన్ సెంటర్‌లో ఉన్నదైతే అరవై అయిదో వీధిలో. బ్రాడ్‌వే థియేటర్ అనిపించుకోవడానికి లెక్క అయిదు వందల సీట్లు, ఆపైన. సూటు అక్కర్లేదు. ఏసీ మాత్రం చలి పుట్టిస్తుంది, పెద్దవాళ్ళకి శాలువా తెండి. అన్ని షోలూ ఎనిమిదింటికే అనుకుని రాకండి, మామూలు రోజుల్లో చాలావాటికి ఇప్పుడు ఏడింటికే తెర లేస్తోంది. ఆలస్యంగా వస్తే వెనక నిలబెట్టేది కూడా నేనే.