డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని ఎలా తీసుకుంటారు? వీడియో గదిలోంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

జనవరి వచ్చిందంటే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మావాళ్ల దగ్గర్నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. "బావా, ఈసారి డిఫెన్స్‌కి ఎవడొస్తున్నాడు?" ఆ ఊళ్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ ఆఫీసూ, ప్రాక్టీస్ మైదానమూ కూడా అక్కడే. వాళ్ల డిఫెన్స్‌ని నడిపే కోచ్, అంటే డిఫెన్సివ్ కోఆర్డినేటర్, 2023 దాకా డాన్ క్విన్, 2024లో మైక్ జిమ్మర్, 2025లో మ్యాట్ ఎబర్‌ఫ్లస్. మూడు సీజన్లలో మూడు పేర్లు మారేసరికి మావాళ్లంతా నిపుణులైపోయారు. ఆదివారం బిర్యానీ దగ్గర నాకు క్లాసులు పీకుతున్నారు.

నేను కోచ్‌ని కాదు. ఎమ్మెస్ చదివేటప్పుడు ఖర్చులకని కాలేజీ జట్టు ప్రాక్టీస్ షూట్ చేయడం మొదలెట్టి, ఆ దారినే పోయి, ప్రొఫెషనల్ జట్ల వీడియో గదుల్లో పదకొండేళ్లుగా ఉన్నాను. కోఆర్డినేటర్ పోస్టుకి ఎవరైనా ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు గది మూలన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "ఆ ప్లే మళ్లీ వెయ్యి" అంటే వేసేది నాలాంటివాడే. ఆ మూలనుంచి కనిపించిందే రాస్తున్నాను.

అపోహ: మన క్రికెట్‌లో బౌలింగ్ కోచ్ లాంటివాడే కదా

మ్యాచ్ మొదలయ్యాక బౌలింగ్ కోచ్ బౌండరీ అవతల కూర్చుంటాడు. డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌కి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఒక్కో మ్యాచ్‌లో అరవై చిల్లర సార్లు, ప్రతి ప్లేకీ (బంతి కదిలినప్పట్నుంచి ఆగేదాకా ఒక ప్లే) ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాలో, ఎవరు వెనక కాపు కాయాలో చెప్పేది ఆయనే. మైదానంలో ఉన్న పదకొండు మందిలో ఒక్కడి హెల్మెట్‌లోనే స్పీకర్ ఉంటుంది. ఆ హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది చూడండి. డిఫెన్స్‌కి ఈ సౌకర్యం 2008లో ఇచ్చారు.

ప్లే క్లాక్ 40 సెకన్లు. అందులో 15 మిగలగానే రేడియో దానంతటదే ఆగిపోతుంది. అంటే కోఆర్డినేటర్ చేతిలో ఉన్నది 25 సెకన్లు. అవతలివాళ్లు ఎవర్ని లోపలికి పంపారో చూడాలి, ఎన్నో డౌనో (పది గజాలు పోవడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోదో), ఇంకా ఎన్ని గజాలు కావాలో లెక్కేసుకోవాలి, ఒకటి ఎంచుకోవాలి, నోటితో చెప్పాలి. విన్నవాడు మిగతా పదిమందికీ అరిచి చెప్పాలి. ఈలోగా అవతలివాడు ఒకర్ని అటునుంచి ఇటు జరిపితే సగం మాట మార్చుకోవాలి. బౌలింగ్ కోచ్‌నీ, కెప్టెన్‌నీ, వికెట్ల వెనక నుంచి అరిచే కీపర్‌నీ కలిపి ఒక్క మనిషిని చేస్తే ఈయన.

అందుకే ఇంటర్వ్యూలో ఆయనకి ఎంత తెలుసన్నది సగమే చూస్తారు. తెలిసినదాన్ని ఎంత పొట్టిగా చెప్పగలడన్నది మిగతా సగం.

అపోహ: పోయిన సీజన్ అంకెలు చూస్తే చాలు

నాకు అన్నింటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే, కాబట్టి కాస్త సాగదీస్తాను.

2012లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ డిఫెన్స్ అవతలి జట్లకి మొత్తం 7,042 గజాలు ఇచ్చేసింది, అంటే అంత దూరం ముందుకు పోనిచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) చరిత్రలో ఒక సీజన్‌లో ఏ జట్టూ అన్ని గజాలు ఇవ్వలేదు. ఆ కోఆర్డినేటర్‌ని ఏడాదికే ఇంటికి పంపించారు. ఆయన పేరు స్టీవ్ స్పాగ్నోలో. ఇప్పుడు కాన్సస్ సిటీ చీఫ్స్ అభిమానిని ఎవర్నైనా ఆ పేరు అడగండి, దండం పెడతాడు. 2019లో అక్కడ చేరాక మూడు సూపర్ బౌల్‌లు (ఫిబ్రవరిలో జరిగే లీగ్ ఫైనల్) గెలిచాడు. సెయింట్స్‌కి రాకముందు, న్యూయార్క్ జెయింట్స్ కోఆర్డినేటర్‌గా 2007 సీజన్‌లో ఒకటి గెలిచాడు. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ని 14 పాయింట్ల దగ్గర ఆపిన డిఫెన్స్ అది. ఆ సీజన్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో అదే డిఫెన్స్ 45, 35 పాయింట్లు సమర్పించుకుంది! సెప్టెంబరులో అంకెలు చూసి పంపించేసి ఉంటే ఫిబ్రవరి ఉండేది కాదు.

2012లో సెయింట్స్ పరిస్థితీ చూడాలి. హెడ్ కోచ్ షాన్ పేటన్ సీజన్ మొత్తం సస్పెన్షన్‌లో ఉన్నాడు. అంతకుముందు ఉన్న కోఆర్డినేటర్ అవతలి ఆటగాళ్లని గాయపరిస్తే డబ్బులిచ్చిన బౌంటీ కుంభకోణంలో ఇరుక్కున్నాడు. ఇల్లు కాలుతుంటే లోపలికి అడుగుపెట్టినవాడు స్పాగ్నోలో. అతను తప్పులు చేయలేదని కాదు. ఏ గజం ఎవరి ఖాతాలో రాయాలో అంకె చెప్పదు.

అదే షాన్ పేటన్ తర్వాత డెన్వర్ బ్రాంకోస్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. 2023 మూడో మ్యాచ్‌లో మయామీ డాల్ఫిన్స్ వాళ్ల మీద 70 పాయింట్లు కొట్టింది. డిఫెన్స్ కోఆర్డినేటర్ వాన్స్ జోసెఫ్. ఆ రాత్రి ఇంటర్నెట్‌లో ఆయన్ని ఉద్యోగంలో ఉంచినవాడు ఒక్కడూ లేడు. పేటన్ ఉంచాడు. మరుసటి ఏడాది ఆ డిఫెన్స్ 63 శాక్‌లతో లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. అంటే క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరక ముందే పడగొట్టినవి అన్ని.

మరి గదిలో ఏం చూస్తారు? నేనున్న గదుల్లో ఇద్దరు ముగ్గురు పెద్దలు నమ్ముకున్న పద్ధతి ఒకటుంది. వచ్చినాయన గొప్ప ప్లేలు వెయ్యరు, ఘోరంగా దెబ్బతిన్నవి వేయిస్తారు. ఒకసారి వరసగా రెండు రోజుల్లో ఇద్దరొచ్చారు. ఇద్దరికీ అదే రకం ప్లే వేశాను: థర్డ్ డౌన్, ఏడు గజాలు కావాలి, అవతలి జట్టు రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) ముగ్గురు గుంపుగా ఒకవైపు, ఒకడు వదిలేసినట్టు పరిగెత్తుకుపోయి టచ్‌డౌన్. "ఇక్కడ ఏం జరిగింది?" అని అడిగారు.

మొదటాయన లేజర్ పాయింటర్ తీసి ఆటగాడి మీద చుక్క పెట్టాడు. "వీడు లోపలివాణ్ణి పట్టుకోవాలి. వారమంతా చెప్పాను. వినలేదు." చుక్క ఆ కుర్రాడి మీదే తిరుగుతోంది.

రెండో ఆయన స్క్రీన్ వంక చూడనే లేదు. "ఆ కాల్ పేరు పొడవు" అన్నాడు. కాల్ అంటే ఏం ఆడాలో అరిచి చెప్పే మాట. "నాలుగు మాటలుండేది. సేఫ్టీ, అదే అందరికంటే వెనక కాపు కాసేవాడు, మూడో మాట అరిచేసరికి బంతి కదిలిపోయింది. ఆ వారమే దాన్ని ఒక్క మాటకి తగ్గించాను. తర్వాతి మ్యాచ్‌లో ఇదే ఫార్మేషన్ వచ్చింది, కావాలంటే వెయ్యి." వేశాను. అదే గుంపు, అదే పరుగు. ఈసారి ముగ్గురికీ ముగ్గురు అతుక్కున్నారు.

ఉద్యోగం మొదటాయనకే వచ్చింది. ఆయనా హెడ్ కోచ్‌ కూడా ఎప్పటినుంచో కలిసి పనిచేసినవాళ్లు.

అపోహ: అందరికంటే మంచివాణ్ణి చూసి తీసుకుంటారు

పై మాటలోనే సగం జవాబు ఉంది. హెడ్ కోచ్‌కి తెలిసినవాడు, నమ్మకస్తుడు అన్నది పెద్ద అర్హత. దాన్ని పూర్తిగా తప్పుపట్టలేం, మ్యాచ్ మధ్యలో కన్నుతో మాట్లాడుకునే పని ఇది. మిగతా సగం క్యాలెండర్ చేతిలో, కాంట్రాక్టుల చేతిలో ఉంటుంది.

ఫిలడెల్ఫియా ఈగల్స్ కథ చూడండి. 2022 సీజన్లో సూపర్ బౌల్ దాకా వెళ్లారు. ఆ మ్యాచ్ అయిన రెండు రోజులకి వాళ్ల డిఫెన్సివ్ కోఆర్డినేటర్ జొనాథన్ గానన్ అరిజోనాకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో రావాల్సిన విక్ ఫాంజియో అప్పటిదాకా ఈగల్స్‌కే సలహాదారుగా పనిచేస్తున్నాడు. కానీ అప్పటికే మయామీకి మాటిచ్చేశాడు. సూపర్ బౌల్ ఆడటమే ఈగల్స్ కొంప ముంచిందనుకోవచ్చు. మంచివాళ్లంతా జనవరిలోనే కుదిరిపోతారు, వీళ్లకి ఖాళీ పడింది ఫిబ్రవరి మధ్యలో.

కాంట్రాక్టు సంగతి. వేరే జట్టులో కోఆర్డినేటర్‌గా ఉన్నవాణ్ణి మీరు కూడా కోఆర్డినేటర్‌గానే పిలిస్తే ఆ జట్టు కుదరదనొచ్చు. కింది స్థాయి కోచ్‌ని నిజమైన కోఆర్డినేటర్ పదవికి పిలిస్తే మాత్రం 2020 నుంచి అడ్డుకోవడానికి లేదు. లైన్‌బ్యాకర్ల కోచ్‌లూ సెకండరీ కోచ్‌లూ ఒక్కసారిగా పైకి రావడం మీరు గమనించే ఉంటారు, దీని పాత్ర కూడా అందులో ఉంది.

రూనీ నిబంధన కూడా ఉంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ యజమాని డాన్ రూనీ పేరు మీద 2003లో హెడ్ కోచ్ పదవికి మొదలైంది, 2020లో కోఆర్డినేటర్లకీ విస్తరించింది. నల్లజాతివాళ్లలాంటి మైనారిటీ అభ్యర్థుల్ని కూడా ఇంటర్వ్యూ చేయాలి. తంతుగా నడిచిన ఇంటర్వ్యూలు చూశాను. పెద్దాయన ఒకరు బల్ల కింద ఫోన్ చూసుకుంటుంటే, వచ్చిన మనిషి మాత్రం మూడు గంటలు చెమటోడ్చి బోర్డంతా నింపాడు. ఆ బోర్డు నేను తుడవలేదు, ఫోటో తీసుకుని దాచుకున్నాను.

అపోహ: 3-4 వాడా, 4-3 వాడా అన్నదే అసలు ప్రశ్న

టీవీలో ఇంకా ఇదే అడుగుతుంటారు. ముందు ముగ్గురు, వెనక నలుగురా లేక తిరగేసి అన్నది. ఇప్పుడు చాలా జట్లు సగానికి పైగా ప్లేలు ఐదో డిఫెన్సివ్ బ్యాక్‌ని (వెనక రిసీవర్లని కాపు కాసేవాణ్ణి) దింపి నికెల్‌లోనే ఆడుతున్నారు. మా గదిలో ఈ ప్రశ్న విని చాలా ఏళ్లయింది.

అపోహ: బ్లిట్జ్ ఎక్కువ చేసేవాడే దమ్మున్నవాడు

బ్లిట్జ్ అంటే మామూలు నలుగురికి మించి క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపడం. 2025 ఫిబ్రవరి 9, సూపర్ బౌల్. మయామీలో ఒక్క ఏడాది ఉండి 2024లో తిరిగొచ్చిన ఫాంజియో అప్పటికి ఈగల్స్ కోఆర్డినేటర్. అవతల చీఫ్స్, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్. ఆ రాత్రి ఫాంజియో ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయలేదు. నలుగురితోనే తోసుకెళ్లి, ఏడుగుర్ని వెనక ఉంచి, మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టారు. 22వ పుట్టినరోజున ఆడుతున్న ఈగల్స్ ఆటగాడు కూపర్ డిజీన్ మహోమ్స్ విసిరిన పాస్‌ని మధ్యలోనే అందుకుని నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తాడు. స్కోరు 40-22, ఆ 22లో ఎక్కువ భాగం ఆట చేజారాక వచ్చినవే. దమ్ము అంటే ఏమిటో మావాళ్లకి ఆ మ్యాచ్ చూపించి చెప్పాలనుకుంటాను, వినరు.

ఇంకోటి: ఫాంజియో కాగితం మీద గీసింది ఎంత గొప్పదైనా, తగిన ఆటగాళ్లు లేకపోతే నడవదు. డిజీన్, క్విన్యన్ మిచెల్ ఇద్దరూ అదే సీజన్ ముందు డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్లని జట్లు ఎంచుకునే కార్యక్రమం) వచ్చినవాళ్లు. జాక్ బాన్‌ని సెయింట్స్ నుంచి తెచ్చి, అంచుమీద ఆడేవాణ్ణి మధ్యలోకి మార్చారు. అతను ఆల్-ప్రో (లీగ్‌లో ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా) అయ్యాడు. డాలస్‌లో ఎబర్‌ఫ్లస్ దగ్గర్నుంచి 2025 ఆగస్టు చివర్లో, సీజన్ వారంలో ఉందనగా స్టార్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని గ్రీన్‌బేకి ఇచ్చేశారు. సీజన్ అయ్యాక ఎబర్‌ఫ్లస్‌నీ పంపించేశారు.

అపోహ: మధ్యలో కాల్స్ చేసేవాణ్ణి మారిస్తే గాడిన పడుతుంది

ఫాంజియో దొరక్కపోవడంతో ఈగల్స్ 2023లో షాన్ దేశాయ్‌ని తీసుకుంది. భారత మూలాలున్న తొలి ఎన్‌ఎఫ్‌ఎల్ కోఆర్డినేటర్ ఆయన. అంతకుముందు షికాగో బేర్స్‌లో ఆ పదవి చేశాడు, టెంపుల్ యూనివర్సిటీలో విద్యారంగంలో డాక్టరేట్. ఆయన పేరు చూసి మా అమ్మ కూడా ఒక మ్యాచ్ చూసింది. డిసెంబరులో జట్టు పది గెలిచి మూడే ఓడి ఉండగా కాల్స్ చేసే పని ఆయన చేతిలోంచి తీసి మ్యాట్ ప్యాట్రీషియాకి ఇచ్చారు. తర్వాత నాలుగింట్లో ఒక్కటే గెలిచారు. ప్లేఆఫ్స్‌లో టాంపా బే 32-9తో చితక్కొట్టింది.

మారిస్తే ఏమవుతుందంటే, ఆటగాళ్లకి వినిపించే గొంతు, వరస, లయ మారతాయి. ప్లేబుక్ మాత్రం పాతదే. పక్కింటి వంటగదిలో వంట చేసినట్టుంటుంది, ఉప్పు డబ్బా ఎక్కడుందో వెతుక్కునేలోగా తాలింపు మాడిపోతుంది.

అపోహ: గొప్ప ఆటగాడై ఉండాలి

డిక్ లెబో డెట్రాయిట్ తరఫున 62 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల పాస్‌లు) పట్టి తర్వాత గొప్ప కోఆర్డినేటర్ అయ్యాడు, నిజమే. ఫాంజియో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ప్లే కూడా ఆడలేదు. బాల్టిమోర్‌లో 2023 డిఫెన్స్ నడిపిన మైక్ మెక్‌డొనాల్డ్ అంతే, ఆ ఏడాది పాయింట్లు తక్కువ ఇవ్వడం, శాక్‌లు, బంతి లాక్కోవడం మూడింట్లోనూ ఆ జట్టే మొదటిది. ఇక దీనిమీద చెప్పేదేం లేదు.

అపోహ: సంతకం అయిపోతే నియామకం అయిపోయినట్టే

మాకు అప్పుడే మొదలు. కొత్తాయన తన పాత కోచ్‌లని ఇద్దరు ముగ్గుర్ని తెచ్చుకుంటాడు, ఇక్కడున్న ఇద్దరు ముగ్గురు ఇళ్లు ఖాళీ చేస్తారు. పిల్లల స్కూలు మధ్యలో. ఆ మాట వార్తల్లో రాదు.

తర్వాత భాష. ఒకే కవరేజీకి (రిసీవర్లని కాపు కాసే పద్ధతికి) ఒక్కో కోచ్ దగ్గర ఒక్కో పేరు. పాత సీజన్ వీడియో మొత్తం, వెయ్యికి పైగా ప్లేలు, కొత్త పేర్లతో మళ్లీ లేబుల్ వేయాలి. మార్చి అంతా నాకు అదే పని. పాత పేరు కొట్టేసి కొత్తది టైప్ చేసీ చేసీ, ఒకరోజు ఇంట్లో మా పాపని మా పెద్దమ్మాయి పేరుతో పిలిచాను.

ఏప్రిల్లో ఆటగాళ్లొస్తారు. ఒక ఏడాది మొదటి ప్రాక్టీస్, నేను మైదానం పక్కన ఎత్తుకి లేచే లిఫ్ట్ మీద నిలబడి కెమెరా తిప్పుతున్నాను. రిసీవర్ అటునుంచి ఇటు జరిగాడు. తొమ్మిదేళ్ల అనుభవమున్న సేఫ్టీ నోటికి అలవాటైన పాత మాట అరిచాడు. పక్కన కొత్తగా వచ్చిన కుర్రాడు వారం నుంచి కొత్త ప్లేబుక్ మాత్రమే చదివినవాడు, అందులో ఆ మాటకి పూర్తిగా వేరే అర్థం. ఇద్దరూ ఒకే మనిషి వెంట పడ్డారు, రెండో రిసీవర్ ఖాళీ మైదానంలో ఒక్కడే పరిగెత్తుకుంటూ పోయాడు. కోఆర్డినేటర్ విజిల్ వేశాడు. తిడతాడేమో అనుకున్నాం. చేతిలో కాగితం మీద ఏదో కొట్టేసి, సేఫ్టీ దగ్గరికెళ్లి అడిగాడు: "నీకేం పేరు పెడితే బావుంటుంది?"

ఆ రాత్రి ఆ ఒక్క కాల్‌కి లేబుల్ మళ్లీ మార్చాను.