అంబత్తూరు గేర్‌బాక్సు, ఆబ్జెక్ట్ డేటాబేసు

చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

పైథాన్‌లో క్లాసులు రాయడం వచ్చింది, పట్టికల్లో డేటా పెట్టడం వచ్చింది, మరి ఈ ఆబ్జెక్ట్ డేటాబేసు ఎందుకని అడిగారు. నిర్వచనం తర్వాత చూద్దాం, ముందు ఒక గేర్‌బాక్సు విప్పండి. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో చిన్న షెడ్డుల్లో బల్లల మీద ఉండేలాంటిదే. లోపల షాఫ్టులు, ఒక్కో షాఫ్టు మీద గేర్లు, రెండు చివర్లా బేరింగులు, ఆయిల్ సీళ్ళు. బేరింగు 6205 అనుకుందాం: లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, మందం 15. రెండు చివర్లవీ రామలక్ష్మణుల్లా ఒకేలా ఉంటాయి. అయినా ఎడమది అరిగిందని రాసుకుంటే కుడిదాని లెక్క మారకూడదు. కొలతలు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు.

దీన్ని పట్టికల్లో పెడితే భాగాలకు ఒక పట్టిక, ఏ భాగంలో ఏది ఎన్ని ఉన్నాయో చెప్పడానికి ఇంకొకటి కావాలి. ఒక్కో భాగంలో 5 ఉపభాగాలు, మొత్తం 5 మెట్లు అనుకోండి. 1, 5, 25, 125, 625 కలిపితే 781. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు లూపు పెట్టి ఒక్కో భాగానికీ 'నీ పిల్లలెవరు' అని విడివిడిగా క్వెరీ పంపుతారు. క్వెరీకి ఒక మిల్లీసెకను పడితే ముప్పావు సెకను పైనే. ఇంకో మెట్టు చేరిందా, 3,906 క్వెరీలు, దాదాపు 4 సెకన్లు. అలాగని ఇది పట్టికలకు చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. పట్టికలను అడిగే భాష ఎస్‌క్యూఎల్, దాని 1999 ప్రమాణంలోనే తనకు వచ్చిన జవాబు మీదే మళ్ళీ అడుగుతూ పోయే రికర్సివ్ క్వెరీ వచ్చింది, ఒకే క్వెరీతో చెట్టంతా వస్తుంది. కాకపోతే వచ్చేది చెట్టు కాదు, వరసలు. వాటిని మళ్ళీ గేర్‌బాక్సుగా కట్టుకోవడం మీ పని, మార్చాక విప్పి వరసలుగా దాచడమూ మీ పనే. బొమ్మల కొలువును రోజూ రాత్రి కాగితాలు చుట్టి పెట్టెలో సర్ది, పొద్దున్నే మళ్ళీ మెట్ల మీద పేర్చినట్టు. ఈ పొసగనితనాన్నే ఇంపీడెన్స్ మిస్‌మ్యాచ్ అంటారు.

ఆబ్జెక్ట్ డేటాబేసు మెట్లతో సహా కొలువును అలాగే ఉంచుతుంది. ప్రతి ఆబ్జెక్టుకూ తనే ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది, దాన్ని ఓఐడీ అంటారు. మన చెన్నై గుమ్మాల మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసి ఉండటం చూస్తూనే ఉంటారు. కార్పొరేషన్ నంబరు మార్చినా ఇల్లు మారలేదుగా! భాగం నంబరును ప్రైమరీ కీగా, అంటే వరసను గుర్తుపట్టే విలువగా పెట్టుకున్నవాళ్ళకు, ఆ నంబరు మారిన రోజున దాన్ని వాడిన ప్రతి వరసా మార్చాల్సి వస్తుంది. ఓఐడీ అయితే నంబరు, పేరు, కొలతలు అన్నీ మారినా మారదు. పట్టికల్లో కూడా అర్థంలేని సంఖ్యను కీగా పెట్టుకోవచ్చు, తెలివైనవాళ్ళు అదే చేస్తారు. తేడా అల్లా, ఇక్కడ అది పుట్టుకతోనే వస్తుంది.

వీటి చరిత్ర చిన్నదే. 1980లలో యంత్రాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఇవి అవసరమయ్యాయి. స్మాల్‌టాక్ భాష వాళ్ళకు జెమ్‌స్టోన్, సీ ప్లస్ ప్లస్ వాళ్ళకు ఆబ్జెక్ట్‌స్టోర్ వచ్చాయి. 1989లో ఆరుగురు పరిశోధకులు కలిసి, ఆబ్జెక్ట్ డేటాబేసు అనిపించుకోవాలంటే తప్పనిసరిగా ఉండాల్సిన 13 లక్షణాలు రాశారు. 1993లో ఈ డేటాబేసులకు ఉమ్మడి నియమాలు రాయడానికి ఏర్పడ్డ ఓడీఎమ్‌జీ బృందం ప్రమాణం వచ్చింది, 2000లో మూడో కూర్పు వచ్చింది, 2001లో ఆ బృందమే మూతపడింది. అమెరికాలో బాబర్ అనే భౌతికశాస్త్ర ప్రయోగం వందల టెరాబైట్లు ఆబ్జెక్టివిటీ అనే ఆబ్జెక్ట్ డేటాబేసులో దాచింది, తర్వాత వేరే ఫైళ్ళకు మారిపోయింది. నన్నడిగితే ఇవి జనంలోకి పోకపోవడానికి కారణం వేగం కాదు. డేటా ఒక భాషకూ, ఆ క్లాసులకూ ముడిపడిపోతుంది. పైథాన్‌తో దాచినదాన్ని అకౌంట్స్ వాళ్ళ రిపోర్టు టూలు చదవలేదు.

చేసి చూడాలంటే పైథాన్ ఆబ్జెక్ట్ డేటాబేసు జడ్‌ఓడీబీ తెచ్చుకోండి. ఉచితం, పిప్‌తో ఒక్క లైనులో ఇన్‌స్టాల్ అవుతుంది. మీ గేర్‌బాక్సు, షాఫ్టు, బేరింగు క్లాసులు పర్సిస్టెంట్ అనే క్లాసు నుంచి పుట్టాలి. ఫైల్‌స్టోరేజ్ తెరిచి, దానిమీద డేటాబేసు, దాన్నుంచి కనెక్షను తీసుకుని, కనెక్షను ఇచ్చే రూట్‌కు గేర్‌బాక్సును తగిలించి కమిట్ చేయండి. సేవ్ అనే మాటే లేదు. రూట్ నుంచి చేరుకోగలిగిన ప్రతిదీ దానంతట అదే దాచబడుతుంది. ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టు తర్వాత ప్యాక్ చేసినప్పుడు, అంటే ఫైలును శుభ్రం చేసినప్పుడు, ఊడ్చుకుపోతుంది.

ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది, దగ్గరగా చూడండి. షాఫ్టులో బేరింగులను మామూలు లిస్టులో పెట్టారు. కొత్త బేరింగును అపెండ్ చేసి కమిట్ చేశారు. తప్పేమీ చూపించలేదు. ప్రింట్ చేస్తే బేరింగు ఉంది. ప్రోగ్రాము ఆపి మళ్ళీ తెరిస్తే లేదు! ఎందుకంటే పర్సిస్టెంట్ కాపలా కాసేది షాఫ్టు గుమ్మం దగ్గర మాత్రమే. షాఫ్టు యొక్క ఏ యాట్రిబ్యూట్‌కైనా కొత్త విలువ ఇస్తే అది గమనిస్తుంది. లోపలున్న లిస్టుకు అపెండ్ చేస్తే ఆ గుమ్మం దాటి ఎవరూ పోలేదు, అందుకని షాఫ్టు మారలేదనుకుని రాయకుండా వదిలేసింది. మీరు చూసింది మెమరీలోని కాపీని. లిస్టు బదులు పర్సిస్టెంట్ లిస్ట్, డిక్షనరీ బదులు పర్సిస్టెంట్ మ్యాపింగ్ వాడితే ఈ చిక్కు పోతుంది. పరీక్ష ఎప్పుడూ ప్రోగ్రామును పూర్తిగా ఆపి, తిరిగి తెరిచి చేయండి.

పదివేల భాగాలున్న కేటలాగును మాత్రం పర్సిస్టెంట్ మ్యాపింగ్‌లో కూడా పెట్టకండి. అదంతా ఒకే మూట, ఒక్క భాగం చేరిస్తే పదివేల పేర్ల జాబితా అంతా మళ్ళీ రాస్తుంది. దానికి బీట్రీ ఉంది, చిన్నచిన్న బకెట్లుగా విడగొట్టుకుని మారిన బకెట్‌నే రాస్తుంది.

చదివేటప్పుడు గేర్‌బాక్సు అంతా ఒకేసారి రాదు. ముట్టుకోని ఆబ్జెక్టు పేరుకే ఉంటుంది, దాన్ని ఘోస్ట్ అంటారు, దెయ్యమనే పేరు బాగానే కుదిరింది. దాని యాట్రిబ్యూట్ అడిగినప్పుడే డిస్కు నుంచి ప్రాణం వస్తుంది. కనెక్షను మెమరీలో అట్టేపెట్టుకునే క్యాష్ మామూలుగా 400 ఆబ్జెక్టులు. మన చెట్టులో 781. ట్రాన్సాక్షన్, అంటే ఒక కమిట్‌తో ముగిసే పని, పూర్తవగానే 400కు మించినవి మళ్ళీ దెయ్యాలవుతాయి, తర్వాతి క్లిక్కుకు దాదాపు సగం చెట్టును మళ్ళీ చదవాలి. డేటాబేసు వేరే సర్వరులో ఉంటే, మీ మెషీన్‌లో కాపీ లేని ఒక్కో దెయ్యానికీ నెట్‌వర్కు మీద ఒక రాకపోక, అంటే లూపులో క్వెరీలు పంపిన కథే ఇంకో వేషంలో. మీ పనికి సరిపడా క్యాష్ సైజు 2,000 అనో 5,000 అనో పెట్టి, మెమరీ ఎంత తింటోందో కొలిచి చూడండి.

రెండో పెద్ద దెబ్బ క్లాసు పేర్లతో. ప్రతి రికార్డులోనూ మాడ్యూల్ పేరు, క్లాసు పేరు రాసి ఉంటాయి. మీరు ఫైలు పేరు మార్చి, అందులోంచి క్లాసును ఇంకోచోటికి జరిపితే పాత డేటా బ్రోకెన్ అని వస్తుంది. పాత చోట పాత పేరును కొత్త క్లాసుకు చూపిస్తూ ఒక లైను వదిలేయండి. కొత్త యాట్రిబ్యూట్ చేరిస్తే పాత ఆబ్జెక్టులలో అది ఉండదు కాబట్టి క్లాసు స్థాయిలోనే ఒక డిఫాల్ట్ విలువ పెట్టండి. దాచడానికి వాడేది పైథాన్ ఆబ్జెక్టులను బైట్లుగా మార్చే పికిల్, కనుక ఎవరో పంపిన డేటా ఫైలును తెరవద్దు. అందులోంచి ప్రోగ్రాము కూడా నడవగలదు.

ఇద్దరు ఒకే ఆబ్జెక్టును ఒకేసారి మారిస్తే, వెనకబడినవాళ్ళ కమిట్ కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ ఇస్తుంది. కంగారు పడక్కర్లేదు, ట్రాన్సాక్షన్ రద్దు చేసి ఆ పనిని మొదటినుంచీ మళ్ళీ నడపాలి, మూడుసార్ల దాకా ప్రయత్నించడం వాడుక. మొత్తం ఎన్ని అని లెక్కపెట్టే అంకెను మామూలు యాట్రిబ్యూట్‌గా పెడితే అందరూ దానిమీదే పడతారు. దానికి లెంగ్త్ అనే ప్రత్యేక క్లాసు ఉంది.

ఇక ఎప్పుడు వాడాలి? స్క్రీన్ మీద మనిషి గేర్‌బాక్సు నుంచి షాఫ్టుకు, షాఫ్టు నుంచి బేరింగుకు నడిచే పనైతే, క్లాసులు లోతుగా, రకరకాలుగా ఉంటే, చదివేది మీ ప్రోగ్రాము ఒక్కటే అయితే వాడండి. 'ఈ నెలలో పదివేల రూపాయలు దాటిన భాగాలెన్ని, ఏ సప్లయర్ నుంచి' అని అడిగేవాళ్ళే ఎక్కువైతే పట్టికల డేటాబేసు పోస్ట్‌గ్రెస్‌కు పోండి. జడ్‌ఓడీబీలో అలాంటి ప్రశ్నకు ఇండెక్సు మీరే కట్టుకోవాలి, లేదా ప్రతి ఆబ్జెక్టునూ తడమాలి. చెట్టును ఇక్కడ, రిపోర్టులను అక్కడ పెట్టడమూ తప్పు కాదు, కానీ రెండింటినీ ఒకేలా ఉంచే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

మరచిపోయేది ఒకటుంది. ఫైల్‌స్టోరేజ్ పాత రికార్డును చెరపదు, ప్రతి మార్పునూ చివర చేరుస్తూ పోతుంది, ఫైలు పెరుగుతూనే ఉంటుంది. వారానికోసారి ప్యాక్ చేయండి. బ్యాకప్‌కు రెపోజో అనే టూలు దాంతోనే వస్తుంది, చేరిన కొసరు మాత్రమే కాపీ చేస్తుంది. ప్యాక్ అయ్యాక మాత్రం పూర్తి కాపీ తీసుకుంటుంది, ఆ రోజున డిస్కులో అంత చోటు ఉంచండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న