పది డాలర్ల చికెన్ రైస్ వెనక ఉన్న చట్టాలు

2025 జనవరిలో న్యూయార్క్ మేయర్ ఎన్నికల్లో నిలబడ్డ ఒక యువ శాసనసభ్యుడు మైకు పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి వెళ్లాడు. హలాల్ బండ్ల వాళ్లని అడిగిన ప్రశ్న ఒకటే: చికెన్ రైస్ ప్లేటు పది డాలర్లు ఎందుకయింది? బియ్యం ధర పెరిగిందని ఎవరైనా చెబుతారేమో అనుకుంటాం. వాళ్లు చెప్పింది పర్మిట్ గురించి. నగరపాలక సంస్థ పర్మిట్‌కి తీసుకునే రుసుము కొన్ని వందల డాలర్లే. కానీ ఆ పర్మిట్ బండి దగ్గర నిలబడి వండేవాడి పేరు మీద ఉండదు. ఎవరి పేరునో ఉన్నదాన్ని ఇరవై వేల డాలర్ల పైచిలుకు పోసి అద్దెకు తెచ్చుకోవాలి. ఆ అద్దె ప్లేటు ధరలోకి చేరుతుంది. వీడియో తీసినాయన జోహ్రాన్ మమ్దానీ, సినీ దర్శకురాలు మీరా నాయర్ కొడుకు. నవంబరులో గెలిచాడు, 2026 జనవరి 1న మేయరయ్యాడు.

ఈ అద్దె దందాకి కారణం 1983 నాటి ఒక స్థానిక చట్టం. అయితే ఆ చట్టాన్ని రాసిన మనస్తత్వం ఇంకా పాతది. న్యూయార్క్‌లో ఏ వీధిలో ఏ దేశం వంట దొరుకుతుందో చూసుకుంటూ తిరిగేవాళ్లు ఆ పటాన్ని గీసింది రుచులని అనుకుంటారు. నన్నడిగితే ఆ పటాన్ని గీసినవి రెండు రకాల చట్టాలు: దేశంలోకి ఎవరు రావచ్చో చెప్పేవి, వచ్చినవాడు ఫుట్‌పాత్ మీద ఎక్కడ నిలబడవచ్చో చెప్పేవి.

మొదట ఫుట్‌పాత్ సంగతి. 1880ల్లో రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు మొదలయ్యాక వేల కుటుంబాలు మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌కి చేరాయి. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు రాదు. ఒక తోపుడు బండి అద్దెకు తీసుకుంటే ఆ పూటే వ్యాపారం మొదలుపెట్టొచ్చు. హెస్టర్ స్ట్రీట్ పొడవునా బండ్లు వెలిశాయి. ఊరగాయ దోసకాయలు, ఉప్పు చేపలు, ఉల్లిపాయలు, వేడి శనగలు, కాల్చిన చిలగడదుంపలు. కొనేవాళ్లు కూడా ఆ పక్క అద్దె గదుల్లో ఉండేవాళ్లే. కొత్త రుచి చూద్దామని అక్కడికి వచ్చినవాళ్లు దాదాపు లేరు. అది వాళ్ల రోజువారీ బజారు. ధర పెరిగితే ఎంత దూరమైనా వెళ్లేవాళ్లు. 1902 మే నెలలో కోషర్ మాంసం (యూదు మత నియమాల ప్రకారం కోసినది) పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లయితే ఆ పేటలోని ఆడవాళ్లు దుకాణాలు బహిష్కరించి, మాంసం తెచ్చి వీధిలో పారబోసి, పోలీసులతో తలపడ్డారు.

బండ్లు పెరిగేకొద్దీ ఫిర్యాదులూ పెరిగాయి. దారికి అడ్డం, చెత్త, అద్దె కట్టే దుకాణదారుకి అన్యాయం. మేయర్ వేసిన ఒక కమిషన్ 1906లో బండ్ల మీద నివేదిక ఇచ్చింది. ఈరోజు నగర మండలిలో జరిగే విచారణలు వింటే ఆ ఫిర్యాదుల పట్టికలో ఇన్నేళ్లలో పెద్దగా మారిందేమీ లేదనిపిస్తుంది.

బండ్లని వీధుల నుంచి నిజంగా తీసేసింది 1934లో మేయరైన ఫియొరెల్లో లాగార్డియా. ఆయన తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చినవాడు, తల్లి ఆస్ట్రియా సామ్రాజ్యం నుంచి వచ్చిన యూదు స్త్రీ. తానే వలసదారుల్ని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో దుబాసీగా పనిచేసి, ఓడ దిగిన వాళ్ల గోడు అధికారులకి చెప్పినవాడు. అలాంటి మనిషికే తోపుడు బండి నామోషీగా తోచింది. 1939 ప్రపంచ ప్రదర్శన దగ్గరపడుతోంది, అతిథులకి నగరం శుభ్రంగా కనబడాలి. బండ్ల వాళ్లని కప్పు ఉన్న మార్కెట్లలోకి తరలించాడు. తూర్పు హార్లెమ్‌లో రైలు వంతెన కింద 1936లో తెరిచిన పార్క్ అవెన్యూ మార్కెట్ తర్వాత ప్యూర్టోరికన్ల చేతికొచ్చి ‘లా మార్కెటా’ అయింది. 1940లో ఎసెక్స్ స్ట్రీట్ మార్కెట్, బ్రాంక్స్‌లో ఆర్థర్ అవెన్యూ మార్కెట్ వచ్చాయి. ఈ రెండూ నేటికీ నడుస్తున్నాయి, తిండి చూడ్డానికి నగరమంతా తిరిగేవాళ్ల జాబితాలో తప్పకుండా ఉంటాయి. కుళాయి నీళ్లు, వానకి తడవని చోటు దొరికిన మాట నిజమే. లోపల చోటు దొరకని వాళ్ల గురించి మాత్రం అప్పుడూ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఇక రెండో రకం చట్టాలు. 1882లో చైనా కూలీలు అమెరికాలో అడుగు పెట్టకూడదని చట్టం చేశారు. వర్తకులకి మాత్రం మినహాయింపు. రెస్టారెంటు యజమాని వర్తకుడి కిందికి వస్తాడా అన్న ప్రశ్న కోర్టుకెక్కి, 1915లో వస్తాడని తేలింది. దాంతో హోటల్ పెడితే స్వదేశానికి వెళ్లి తిరిగి రావచ్చు, అయినవాళ్లని తెచ్చుకోవచ్చు. బంధువులు తలా కొంత వేసుకుని పెద్ద హోటళ్లు పెట్టారు, వంతులవారీగా యజమానులయ్యారు. న్యూయార్క్‌లో చైనా హోటళ్ల సంఖ్య ఆ దశాబ్దంలోనే కొన్ని రెట్లయింది. అమెరికన్లకి చాప్ సూయ్ అనే చైనా హోటళ్ల వంటకం మీద పుట్టిన మోజు గురించి చాలా రాశారు. ఆ మోజుని అందిపుచ్చుకోవడానికి అంతమంది వంటవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో ఈ వీసా లెక్క చెబుతుంది.

1924 చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టి తూర్పు, దక్షిణ ఐరోపాకి తలుపులు దాదాపు మూసేసింది. మన వైపు వాళ్లకి 1917 నుంచే ప్రవేశం లేదు. లిటిల్ ఇటలీలో మల్బెరీ స్ట్రీట్ మీద శాన్ జెన్నారో ఉత్సవం 1926లో మొదలైంది. కొత్తవాళ్ల రాక ఆగిపోయిన కాలంలో పుట్టిన ఉత్సవం అది. ఇప్పుడు ఆ పేటలో ఇటాలియన్ కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి, ఉత్సవం మాత్రం ఏటా సెప్టెంబరులో వీధి నిండా సాసేజీల పొగతో జరుగుతూనే ఉంది.

ఉత్సవమైనా మిగలని పేటలూ ఉన్నాయి. మన్‌హాటన్ దక్షిణ కొసన వాషింగ్టన్ స్ట్రీట్ మీద సిరియా, లెబనాన్ నుంచి వచ్చినవాళ్ల పేట ఒకటుండేది. 1940ల్లో బ్రూక్లిన్‌కి సొరంగ మార్గం తవ్వడానికి దాన్ని కూల్చేశారు. అక్కడ 1895లో మొదలైన సహాదీ వారి సరుకుల వ్యాపారంలో ఒక శాఖ 1948లో బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ అవెన్యూకి మారింది. పిస్తాలు, ఎండు పళ్లు, ఆలివ్‌లు కొలిచి అమ్మే ఆ దుకాణం ఈరోజుకీ ఉంది.

మన కథకి దగ్గరి దుకాణం కలూస్తియన్స్. టర్కీ నుంచి వచ్చిన ఆర్మీనియన్ 1944లో లెక్సింగ్టన్ అవెన్యూ మీద తన వాళ్ల కోసం దాన్ని తెరిచాడు. తర్వాత భారతీయులు రావడం మొదలయ్యాక పప్పులు, మసాలాలు అరల్లోకి చేరాయి. దాని చుట్టూ హోటళ్లు పెరిగి ఆ ప్రాంతానికి కర్రీ హిల్ అని పేరొచ్చింది. 1960ల చివర్లో ఈస్ట్ సిక్స్త్ స్ట్రీట్ మీద వరసగా ‘ఇండియన్’ హోటళ్లు వెలిశాయి. బోర్డు మీద ఇండియన్ అని ఉన్నా నడిపిన వాళ్లలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ మూలాలవాళ్లు.

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. జాతీయ కోటాలు పోయాయి. డాక్టర్లు, ఇంజనీర్లు ముందొచ్చారు, వెనక వాళ్ల కుటుంబాలు వచ్చాయి. క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి భారతీయ బజారు కావడానికి తొలి ఆకర్షణ తిండి కూడా కాదు. 1970ల్లో అక్కడ 220 వోల్టుల సామాన్లమ్మే ఎలక్ట్రానిక్స్ కొట్టు ఒకటుండేది, సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లు మిక్సీలూ టేప్ రికార్డర్లూ కొనడానికి దూరాల నుంచి వచ్చేవాళ్లు. జనం వచ్చారు కాబట్టి చీరల కొట్లు, నగల కొట్లు, కిరాణా, మిఠాయి వచ్చాయి. తర్వాత పక్క వీధిలో బంగ్లాదేశీలు, వాళ్ల తర్వాత టిబెటన్లు, నేపాలీలు. ఇప్పుడు అక్కడ మోమోల కోసం పటం పట్టుకుని కొట్టు కొట్టూ తిరిగే పండగే జరుగుతోంది.

ఇంకాస్త తూర్పున ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ మీది గణేశుడి గుడికి 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగింది. గుడి కింద క్యాంటీన్‌లో దోసె, పొంగల్, పులిహోర దొరుకుతాయి. తిండి యాత్రికులకి అదొక తప్పనిసరి మజిలీ. ప్రసాదానికీ ఫలహారానికీ తేడా తెలియని వాళ్లు కూడా అక్కడ వరసలో కనిపిస్తారు, దానికేం గానీ. ఆ వీధి పేరు పదిహేడో శతాబ్దపు జాన్ బౌన్‌ది. వేరే మతశాఖ వాళ్లని తన ఇంట్లో ప్రార్థన చేసుకోనిచ్చినందుకు అప్పట్లో ఇక్కడ పాలించిన డచ్చివాళ్లు అతన్ని పట్టుకుని దేశం దాటించారు.

ఇలా 1965 చట్టం తలుపు తెరిచాక, వచ్చినవాళ్లలో అందరికీ దుకాణం అద్దె కట్టే తాహతు లేదు. హెస్టర్ స్ట్రీట్ నాటి లెక్కే మళ్లీ పనికొచ్చింది: బండి. ఈసారి గ్రీకులు, తర్వాత ఈజిప్షియన్లు, బంగ్లాదేశీలు, ఆఫ్ఘన్లు, మెక్సికన్లు, ఈక్వెడార్ వాళ్లు. సరిగ్గా ఆ సమయంలోనే, ఎడ్ కోచ్ మేయరుగా ఉండగా, 1983లో తిండి బండ్ల పర్మిట్లకి మూడు వేల దగ్గర పరిమితి పెట్టారు. పెద్ద వ్యాపార వీధుల యజమానుల ఒత్తిడి దాని వెనక ఉంది. జనాభా పెరిగింది, ఆకలి పెరిగింది, అంకె మాత్రం నలభై ఏళ్లు దాదాపు అక్కడే ఉండిపోయింది. పాత పర్మిట్‌ని గడువు తీరినప్పుడల్లా తక్కువ రుసుముతో పొడిగించుకోవచ్చు కాబట్టి చేతిలో ఉన్నవాడు ఎందుకు వదులుకుంటాడు? తాను ఇంట్లో కూర్చుని అద్దెకిచ్చాడు. ఆ అద్దె చట్టవిరుద్ధం, అందుకే వ్యవహారమంతా నోటిమాట మీద నడుస్తుంది, మోసపోయినా వండేవాడు ఫిర్యాదు చేయలేడు. కొత్తగా దరఖాస్తు పెట్టుకునేవాళ్ల నిరీక్షణ జాబితాని చివరికి మూసేశారు.

హలాల్ బండి పుట్టింది ఈ పరిమితి నీడలోనే. 1990లో ముగ్గురు ఈజిప్షియన్లు 53వ వీధి, సిక్స్త్ అవెన్యూ మూలన హాట్‌డాగ్ బండి పెట్టారు. ముస్లిం టాక్సీ డ్రైవర్లకి రాత్రిపూట కడుపు నిండా తినడానికి ఏమీ దొరకడం లేదని గమనించి, రెండేళ్లలో చికెన్, అన్నం, తెల్ల సాస్‌కి మారారు. హెస్టర్ స్ట్రీట్ శనగల్లాగే ఇదీ తమవాళ్ల కోసం తమవాళ్లు వండిన తిండి. ఆఫీసు జనం, పర్యాటకులు తర్వాత చేరారు. ఆ బండి ‘హలాల్ గైస్’ పేరుతో దేశదేశాల్లో శాఖలున్న సంస్థ అయింది. ఇలాంటి విజయగాథలు చదివినప్పుడు పర్మిట్ అద్దె కడుతూ ఇరవై ఏళ్లు ఒకే మూలన నిలబడ్డవాళ్లు కనిపించకుండా పోతారు.

1990ల చివరి నుంచి వెతుక్కుంటూ తిరిగి తినేవాళ్లు పెరిగారు. క్వీన్స్ మీదుగా సాగే 7 నంబరు రైలు మార్గాన్ని 1999లో జాతీయ మిలీనియం దారుల్లో ఒకటిగా ప్రకటించారు. దాని ఒక్కో స్టేషన్లో దిగి ఒక్కో దేశం తినడం వారాంతపు వ్యాపకమైంది. ఈ ఆదరణ బండివాళ్లకి గిరాకీతో పాటు అధికారుల చూపునీ తెచ్చిపెట్టింది. బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్ ఫుట్‌బాల్ మైదానాల దగ్గర 1974 నుంచి లాటిన్ అమెరికన్ కుటుంబాలు టెంట్ల కింద వండి ఆటగాళ్లకి అమ్ముకునేవి. పేరు బయటికొచ్చాక 2007లో ఆ చోటుని వేలానికి పెడతామన్నారు. పెద్ద గొడవ జరిగి చోటు వాళ్లకే దక్కింది గానీ, ఆరోగ్య నిబంధనల కోసం టెంట్లు తీసేసి ట్రక్కులు కొనుక్కోవాల్సి వచ్చింది. అంత పెట్టుబడి పెట్టలేక కొందరు మానుకున్నారు.

అధికారులూ అభిమానులూ ఒకేసారి ఒకే చోటికి ఎలా వస్తారో చూడాలంటే కరోనా ప్లాజా చాలు. (అది క్వీన్స్‌లో పాత పేట పేరు, మహమ్మారితో సంబంధం లేదు.) 2023లో ఒక ప్రముఖ దినపత్రిక విమర్శకుడి వంద అత్యుత్తమ రెస్టారెంట్ల జాబితాలో ఆ చౌరస్తా బజారుకి చోటు దక్కింది. అదే ఏడాది జూలైలో పారిశుధ్య శాఖ వచ్చి బండ్లని ఖాళీ చేయించింది. అమ్మేవాళ్లలో చాలామందికి పర్మిట్ లేదు, కారణం పైన చెప్పిందే.

తిండి పండగలకి మాత్రం దారి సులువు. 2015లో మొదలైన క్వీన్స్ నైట్ మార్కెట్‌లో పదుల దేశాల వంటలు దొరుకుతాయి. ఏ వంటకమైనా ఐదారు డాలర్లు దాటకూడదన్నది నిర్వాహకుల నియమం. జరిగేది ఫ్లషింగ్ మెడోస్ పార్కులో, అంటే లాగార్డియా ఏ ప్రదర్శన కోసం వీధులు శుభ్రం చేయించాడో ఆ మైదానంలోనే. అక్కడ వండేవాళ్లకి బండి పర్మిట్ అక్కర్లేదు, తాత్కాలిక అనుమతితో పని జరుగుతుంది. వారానికి ఒక రాత్రి కంచె లోపల ముద్దొచ్చేదే మిగతా రోజుల్లో ఫుట్‌పాత్ మీద తప్పవుతుంది. ఈ తేడాని సమర్థించడం నాకు కష్టంగానే ఉంది. అయితే అవతలి వాదనలోనూ పస ఉంది. బండిని వ్యతిరేకించే చిన్న హోటల్ యజమాని కూడా చాలాసార్లు నిన్నటి వలసదారే, నెలనెలా అద్దె కట్టలేక సతమతమయ్యేవాడే.

2021లో నగర మండలి పరిమితిని సడలించింది. 2022 నుంచి పదేళ్ల పాటు ఏటా 445 కొత్త లైసెన్సులు ఇవ్వాలన్నారు, వాటిలో ఎక్కువ భాగం మన్‌హాటన్ బయటికి. కొత్త లైసెన్సున్న మనిషి స్వయంగా బండి దగ్గర ఉండాలన్నది షరతు, అద్దె దందాకి అదే విరుగుడు. పంపిణీ మాత్రం నత్తనడకన సాగింది. 2025 సెప్టెంబరులో, అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్ వీటోని తోసిపుచ్చి, లైసెన్సు లేకుండా అమ్మితే పడే క్రిమినల్ శిక్షని మండలి తీసేసింది. జరిమానాలు ఉంటాయి, కేసు ఉండదు. వీసా కాగితాలు నడుస్తున్న వలసదారుకి ఇది చిన్న తేడా కాదు, క్రిమినల్ కేసుతో మొదలైన వ్యవహారం దేశం దాటించడం దాకా వెళ్లగలదు.

పాత పర్మిట్లకి కూడా, యజమాని బండి దగ్గరే ఉండాలన్న షరతు పూర్తిగా వర్తించడానికి చట్టం 2032 దాకా గడువిచ్చింది. అప్పటిదాకా అద్దెలు వసూలవుతూనే ఉంటాయి, ప్లేటు ధర ఎంత తగ్గుతుందన్నది కొత్త లైసెన్సులు ఎంత త్వరగా చేతికొస్తాయన్న దాన్ని బట్టి ఉంటుంది.