సిటీ ఖజానాకి డబ్బెక్కడిది? అపోహలు - వాస్తవాలు

బడ్జెట్ పాసైన మర్నాడు మా అకౌంట్స్ సెక్షన్‌కి ఒక పెద్దాయన పేపర్ కటింగ్ పట్టుకొచ్చారు. హెడ్డింగ్‌లో ఉన్న పెద్ద అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇంత డబ్బు పెట్టుకుని మా వీధి లైటుకి ఫండ్స్ లేవంటారేంటండీ" అన్నారు. కోపం న్యాయమైందే, లెక్కే వేరు. సిటీ పద్దులు రాస్తూనే సర్వీసంతా గడిచింది కాబట్టి, రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: బడ్జెట్ అంకె ఎంతుంటే సిటీ చేతిలో అంత డబ్బున్నట్టు.

వాస్తవం: కాదండీ. ఆ అంకెలో నీళ్ల బిల్లుల వసూళ్లుంటాయి, పై ప్రభుత్వం ఫలానా పనికే అని రాసి మరీ ఇచ్చిన గ్రాంట్లుంటాయి, అప్పు తెచ్చి కట్టే ఫ్లైఓవర్ కూడా అందులోనే ఉంటుంది, అన్నీ కలిపి ఒక్క అంకె చేసి పేపర్‌కిస్తారు. సిటీ తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోగలిగేది మాత్రం జనరల్ ఫండ్ ఒక్కటే. డ్రైనేజీ గ్రాంటులోంచి ఒక్క బల్బు కొన్నా ఆడిట్‌లో అబ్జెక్షన్ పడుతుంది, అప్పుడు సంతకం పెట్టిన మా మెడకే చుట్టుకుంటుంది. ఆ జనరల్ ఫండ్‌లో కూడా జీతాలు, పెన్షన్లు, వడ్డీలు ముందే లాగేసుకుంటాయి, మిగిలినదాంట్లోనే పార్కులూ గుంతలూ లైట్లూ. పెద్దాయనకి ఆ పేజీ తీసి చూపిస్తే పైనుంచి కిందకి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, వీధి లైట్ల పద్దు దగ్గర ఆగి, "ఇంతేనా" అన్నారు. అంతే మరి.

అపోహ: సిటీ ఆదాయమంటే ఆస్తి పన్నే.

వాస్తవం: చాలా చోట్ల అదే పెద్ద దిక్కు, కానీ అన్ని చోట్లా కాదు. ఏ పన్ను వెయ్యొచ్చో సిటీ తనంతట తాను తేల్చుకోలేదు, పై చట్టం ఏది వదిలితే అదే. స్వీడన్‌లో స్థానిక ప్రభుత్వాలకి అసలు ఆధారం జనం ఆదాయం మీద పన్ను, మున్సిపాలిటీదీ రీజియన్‌దీ కలిపితే సగటున నూటికి 32 దాకా వస్తుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా 1939 నుంచి జీతాల మీద పన్ను వేస్తోంది, ఊరి బయట ఇల్లు కట్టుకుని పొద్దున్నే పనికి వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు కూడా కట్టాల్సిందే. ముంబైకి ఎన్నో ఏళ్లు ఆక్ట్రాయే, అంటే ఊళ్లోకి వచ్చే సరుకు మీద వేసే పన్నే, పెద్ద ఆదాయం, 2017 జూలైలో జీఎస్టీ రాగానే అది పోయింది, దాని బదులు ఇప్పుడు రాష్ట్రం నుంచి పరిహారం వస్తోంది. డబ్బు ఆగలేదుగా అనుకోవచ్చు, కానీ సొంతంగా వసూలు చేసుకోవడం వేరు, ఇంకొకరు పంపిస్తారని ఎదురుచూడటం వేరు.

అపోహ: ఇంటి విలువ డబులైతే పన్నూ డబులే.

వాస్తవం: ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. చాలా సిటీల్లో ముందు ఈ ఏడాది మొత్తం ఇంత వసూలు చేయాలని తేల్చుకుని, దాన్ని ఊళ్లో ఆస్తులన్నిటి విలువకీ పంచి రేటు కడతారు. అందరి ఇళ్లూ డబులైతే రేటు సగమవుతుంది, మీ బిల్లు కదలదు. పక్కవాళ్లకన్నా మీ ఇంటి విలువ ఎక్కువ పెరిగితేనే మీకు దెబ్బ.

అసలు విలువలే కదలని చోట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి ఇంటి పన్ను) శ్లాబులు ఇప్పటికీ 1991 ఏప్రిల్ ధరల మీదే నడుస్తున్నాయి, ఈ ఏడాది కొత్తగా కట్టిన ఫ్లాటుకి కూడా ఇది 1991లో ఉండి ఉంటే ఎంతకి పోయేదా అని ఊహించి శ్లాబు వేస్తారు (నవ్వొచ్చినా అదే రూలు). కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ప్రపోజిషన్ 13 పాస్ చేశారు. పన్ను విలువలో 1 శాతం దాటకూడదు, ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. దాంతో అచ్చం ఒకేలా ఉన్న పక్కపక్క ఇళ్లలో ఎప్పుడో కొన్నాయన కొంచెం కడతాడు, నిన్నగాక మొన్న కొన్నాయన దానికి ఎన్నో రెట్లు కడతాడు. సిటీలేమో సేల్స్ ట్యాక్స్ వాటా మీద పడ్డాయి, ఖాళీ స్థలం కనబడితే ఇళ్లకన్నా పెద్ద షాపు వస్తేనే బాగుండనుకోవడం మొదలైంది.

అపోహ: చలాన్లు రాసుకునే సిటీని నడిపిస్తారు.

వాస్తవం: మామూలుగా జరిమానాల వాటా చిన్నదే. అది పెద్దదైతే మాత్రం భయపడాలి. ఫెర్గూసన్ అనే చిన్న ఊరి మీద 2015లో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన రిపోర్టులో, ఆదాయం టార్గెట్లే పోలీసుల పనిని నడిపించాయని తేల్చారు. బడ్జెట్‌లో జరిమానాల అంచనా రాసినరోజే అది కింది స్టాఫ్‌కి కోటా అయిపోతుంది.

అపోహ: నీళ్ల బిల్లు పెంచింది రోడ్లు వేసుకోడానికే.

వాస్తవం: చాలా చోట్ల నీళ్ల పద్దు విడిగా ఉంటుంది, పైపులకీ పంపులకీ కరెంటుకీ అందులోంచే.

అపోహ: జమా ఖర్చూ సరిపోయాయంటే సిటీ బాగున్నట్టే.

వాస్తవం: ఎలా సరిపోయాయో చూడాలి. షికాగో 2008లో పార్కింగ్ మీటర్లని సుమారు 115 కోట్ల డాలర్లకి 75 ఏళ్ల లీజుకి ఇచ్చేసింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలోనే బడ్జెట్ లోట్లు పూడ్చడానికి ఖర్చయిపోయింది, లీజు మాత్రం ఇంకా దశాబ్దాలుంది, రిపేరుకో పండగకో సొంత రోడ్డు మూసుకున్నా లీజు తీసుకున్న కంపెనీకి సిటీయే నష్టపరిహారం కట్టాలి. ఇంకా ముందు న్యూయార్క్ రోజువారీ ఖర్చుల్ని నిర్మాణాల పద్దులో రాసి, అప్పు మీద అప్పు తెచ్చి నెట్టుకొచ్చింది, 1975లో ఇక అప్పిచ్చేవాడు లేక చతికిలబడింది.

అందుకే ఏ సిటీ బడ్జెట్ చేతికొచ్చినా నేను ముందు చూసేది పన్నుల పేజీ కాదు, "ఇతర ఆదాయం" అనే లైను. స్థలాల అమ్మకం, పోయినేడు మిగిలిన బ్యాలెన్స్, ఒక్కసారే వచ్చే సెటిల్‌మెంటు డబ్బు అన్నీ దాని కిందే నక్కి కూచుంటాయి. నిరుడు చిన్నగా ఉండి ఈ ఏడు ఉన్నట్టుండి బలిసిందంటే, జీతాల లోటుని దేంతో పూడ్చారో అక్కడ తెలిసిపోతుంది.